యెరూషలేము యాత్రలో సంఘం మాటకు చోటెక్కడ?

హనుమకొండ, కాజీపేట, మహబూబాబాద్ ప్రాంతాల సంఘాల్లో ఆదివారం ఆరాధన చివర చదివే ప్రకటనల్లో పరిశుద్ధ భూమి యాత్ర ప్రస్తావన ఇప్పుడు మామూలైపోయింది. జోర్డాన్‌లో దిగి, యొర్దాను నది మీది వంతెన దాటి యెరూషలేము, బేత్లెహేము, గలిలయ చూసుకుని, తాబా సరిహద్దు మీదుగా ఈజిప్టులో అడుగుపెట్టి, సీనాయి కొండ ఎక్కి, కైరోలో తిరుగు విమానం అందుకోవడం చాలా ఏజెన్సీల కరపత్రాల్లో కనిపించే కార్యక్రమం. మూడు దేశాలను పది రోజుల్లో చుట్టబెట్టే ఈ ప్రయాణానికి వెళ్లేది సంఘమే, డబ్బు కట్టేది విశ్వాసులే అయినా, ఎక్కడ ఎంతసేపు ఆగాలో తేల్చేది మాత్రం ఏజెన్సీ, దానితో మాట్లాడే పాస్టరు గారు. యాత్ర మీద నాకు అభ్యంతరం లేదు. గుంపుగా వెళ్లేవారు గుంపుగా నిర్ణయించుకోకపోవడం మీదే నా అభ్యంతరమంతా.

ఉత్తర తెలంగాణకు పాస్‌పోర్టు కొత్త వస్తువు కాదు. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లలో అది ఏనాటి నుంచో ఉంది. అక్కడి నుంచి కొడుకు పంపిన డబ్బుతోనో, ఎత్తుకున్న చిట్టీతోనో, రిటైరైనప్పుడు చేతికొచ్చిన సొమ్ముతోనో ఇప్పుడు తల్లిదండ్రులు యెరూషలేముకు బయల్దేరుతున్నారు. సంఘంలో శారమ్మగా తెలిసినావిడ పాస్‌పోర్టులో ఎల్లమ్మగా ఉంటుంది. దరఖాస్తు నింపే కుర్రాడు బాప్తిస్మపు పేరు రాసేస్తే కాగితాలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. (ఒకే మనిషికి రెండు పేర్లు ఎందుకున్నాయన్నది వేరే వ్యాసానికి సరిపడే సంగతి.) ఇంత కష్టపడి కూడబెట్టుకుని వెళ్లేవారికి లెక్క అడిగే హక్కు ఉంటుందన్నది వివాదానికి తావులేని విషయమే. కానీ అయ్యగారిని లెక్క అడగడమేమిటన్న మొహమాటం దానికి అడ్డుపడుతోంది.

ఇంతమందిని కూడగడితే నాయకుడికి ఒక సీటు ఉచితం అనే పద్ధతి టూర్ల వ్యాపారంలో ఉన్నదే, అది ఒక్క క్రైస్తవ యాత్రలకే పరిమితమూ కాదు. ఆ సీటు ఖరీదు మిగిలినవారు కట్టే సొమ్ములోనే కలిసి ఉంటుంది. సంఘం తన కాపరిని తన ఖర్చుతో పంపుకోవడంలో తప్పేమీ లేదు, ఆ మాట చెప్పకుండా ఊరుకోవడమే తప్పు. పన్ను సంగతీ ఇలాంటిదే. 2020 అక్టోబర్ నుంచి విదేశీ ప్యాకేజీలపై ఏజెన్సీలు టీసీఎస్ పేరుతో ఆదాయపన్ను ముందుగానే వసూలు చేస్తున్నాయి. రేట్లు తరువాత మారినా, రిటర్ను దాఖలు చేస్తే ఆ మొత్తం సర్దుబాటు కావడమో వాపసు రావడమో జరుగుతుంది. ఎన్నడూ రిటర్ను వేయని కూలి కుటుంబానికీ చిన్న రైతుకూ ఈ విషయం ఎవరూ చెప్పకపోతే ఆ డబ్బు పోయినట్టే. 2023 అక్టోబర్ 7 నాటి హమాస్ దాడి తరువాత యాత్రలు ఆగిపోవడం, 2025 జూన్‌లో ఇరాన్‌తో యుద్ధం వచ్చి ఇజ్రాయెల్ గగనతలం మూతపడటం చూశాక కూడా, విమానం, హోటలు, వీసా పద్దుల్లో దేనికి కట్టింది ఎంత తిరిగొస్తుందో రాతపూర్వకంగా అడగకుండా అడ్వాన్సు కట్టడం విశ్వాసం అనిపించుకోదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో యెరూషలేము యాత్రికులకు ఇచ్చే సాయాన్ని, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి, 40 వేల రూపాయల నుంచి 60 వేలకు పెంచింది. ఇక్కడా అలాంటి సాయం కావాలని అడిగేవారు ముందు ఏజెన్సీ ఒప్పందాన్ని సంఘం ముందు చదివించాలి. లేకపోతే ఆ సాయమూ ప్యాకేజీ ధరలోనే కలిసిపోతుంది.

డబ్బు తరువాత ఆలోచించవలసింది సమయం గురించి. 2,285 మీటర్ల ఎత్తున్న సీనాయి కొండను సాధారణంగా అర్ధరాత్రి దాటాక చీకట్లో ఎక్కడం మొదలుపెడతారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కిందే గదిలో ఉండిపోతారు. ఆ కొండ కోసం, పిరమిడ్ల కోసం పోయే రోజులన్నీ యెరూషలేముకు దక్కవలసినవి. పాత నగరంలో పునీత అన్నమ్మ దేవాలయాన్ని ఆనుకుని, యోహాను సువార్త అయిదో అధ్యాయంలో చెప్పిన అయిదు మంటపాల బేతెస్ద కోనేరు శిథిలాలున్నాయి. పన్నెండో శతాబ్దపు ఆ దేవాలయంలో పాడిన పాట ఆగాక కూడా కొన్ని క్షణాలు కప్పు కింద మోగుతూనే ఉంటుంది కాబట్టి, వచ్చిన బృందాలు తమ తమ భాషల్లో ఒక పాట పాడి వెళ్తుంటాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనను చరణం చరణం సాగదీసి పాడుకునే మన పెద్దవాళ్లు అక్కడ రెండో చరణం ఎత్తుకునేలోపే బస్సు టైమైందన్న పిలుపు వస్తుంది.

తొందర వల్ల అర్థం చేసుకోవడమూ కుంటుపడుతుంది. 335లో ప్రతిష్ఠ జరిగిన పరిశుద్ధ సమాధి దేవాలయాన్ని ఆర్థడాక్సు, కాథలిక్కు, ఆర్మీనియను వంటి శాఖలు ఒట్టోమన్ తుర్కుల కాలపు కట్టుబాట్ల ప్రకారం పంచుకుంటాయి, తలుపు తాళం చెవి మాత్రం ముస్లిం కుటుంబాల చేతిలో ఉంటుంది. తెల్ల సున్నపు గోడల ప్రార్థనా మందిరం నుంచి వచ్చిన బాప్టిస్టు విశ్వాసికి ఆ దీపాలూ ధూపమూ పరాయిగా తోచి, యేసును ఉంచింది ఇక్కడేనంటూ 1883లో బ్రిటిష్ జనరల్ గోర్డన్ చేసిన వాదనతో పేరుకెక్కిన తోట సమాధి దగ్గరే మనసు కుదుటపడుతుంది. పురావస్తు ఆధారాలు మొదటిదానివైపే ఎక్కువగా మొగ్గుతాయి. ఈ రెండింటి కథనూ విడమరచి చెప్పే వ్యవధి గైడుకు ఉండదు. యొర్దాను విషయంలోనూ అంతే. గలిలయ సరస్సు నుంచి నది బయటపడే చోట ఉన్న యార్దెనిట్ 1981లో యాత్రికుల కోసం ఏర్పాటు చేసిన రేవు. యేసు బాప్తిస్మం పొందాడని సంప్రదాయం చెప్పే చోటు చాలా దిగువన, యెరికోకు దగ్గరలో ఉంది.

అన్నిటికంటే పెద్ద లోటు మరొకటుంది. బేత్లెహేములో క్రైస్తవులు ఒకప్పుడు అధిక సంఖ్యాకులు, ఇప్పుడు అల్పసంఖ్యాకులు. వెస్ట్‌బ్యాంక్‌లో, ఇజ్రాయెల్ కట్టిన గోడకు అవతలి వైపున్న ఆ ఊళ్లో యాత్రికులు హోటళ్లలో పడుకుంటారు, ఒలీవ చెక్క సిలువలు బేరమాడి కొంటారు. వాటిని చెక్కి అమ్మేవారిలో తమ విశ్వాసపు మనుషులే ఉన్నారన్న ఎరుక లేకుండానే తిరిగొస్తారు. 1912లో అభిషిక్తుడైన బిషప్ అజరయ్య నాయకత్వంలో గుడి స్తంభాల తీరునూ మసీదు గుమ్మటాల తీరునూ కలుపుకుని కట్టిన డోర్నకల్ కెతెడ్రల్‌ను చూస్తూ పెరిగినవారికి, అరబ్బీలో ప్రార్థించే క్రైస్తవులు వింతగా తోచనక్కర్లేదు. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వారికైతే, తమలాగే ఆంగ్లికన్ కూటమికి చెందిన సెయింట్ జార్జి కెతెడ్రల్ యెరూషలేములోనే ఉంది, ఆదివారం వెళ్లి కూర్చుంటే చాలు. ఇందుకు అదనంగా కట్టవలసిందేమీ లేదు, ఆ ఆదివారం బృందం యెరూషలేములో ఉండేలా చూసుకోవాలంతే. బయల్దేరే తేదీని బట్టి ఆదివారం ఏ ఊళ్లో పడుతుందో తేలిపోతుంది కాబట్టి, టికెట్లు తీయకముందే సంఘం కూర్చుని ఏజెన్సీతో ఈ మాట ఖాయం చేసుకోవాలి.