వార్డు వదలని డాక్టరేట్

పక్షవాతంతో మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ రోగి భుజం కింద చేయి పెట్టి, కాళ్లు పట్టమని బంధువుకు చెప్పి, మెల్లగా పక్కకు తిప్పుతుంది. నడుము కింద చర్మం ఎర్రబడిందా అని వేలితో నొక్కి చూస్తుంది. నొక్కినచోట తెల్లబడితే కాస్త ఊరట. ఎర్రగానే ఉండిపోతే పడక పుండు మొదలైనట్టే. చార్టులో సమయం వేసి పక్క మంచానికి వెళుతుంది. రెండు గంటలే ఎందుకు, మూడైతే ఏమవుతుంది అన్న సందేహం ఆమెకు వస్తే, దాన్ని పట్టుకుని తేల్చే అవకాశం మన వ్యవస్థలో ఆమెకు ఎక్కడుంది?

అమెరికాలో ఇలాంటి సందేహాలను నర్సులే తేల్చారు. బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ 1980లలో రూపొందించిన కొలమానం ఎవరికి పుండ్లు పడే ముప్పు ఉందో ముందే చెబుతుంది. స్పర్శ, తడి, నడక, కదలిక, ఆహారం, ఒరిపిడి అనే ఆరింటికి మార్కులు వేస్తారు. మన కార్పొరేట్ ఆసుపత్రుల చార్టుల్లోనూ ఇది కనిపిస్తుంది. తర్వాత బెర్గ్‌స్ట్రామ్ బృందం అమెరికా, కెనడాల్లోని 27 వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో 900 మందికి పైగా పరిశీలించింది. నాణ్యమైన ఫోమ్ పరుపు ఉంటే రెండు, మూడు, నాలుగు గంటల్లో ఎప్పుడు తిప్పినా చెప్పుకోదగ్గ తేడా లేదని 2013లో ప్రకటించింది. ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మనకు ప్రమాదం. రెక్సిన్ పరుపు, మే నెల ఉక్కపోత, కిక్కిరిసిన వార్డు: మన లెక్క వేరు. ఆ లెక్క తేల్చాల్సింది మన నర్సే. నర్సింగ్‌లో పీహెచ్‌డీ ఉన్నది అందుకే.

మన దేశంలో నర్సింగ్ డిగ్రీ చదువు 1946లో ఢిల్లీ, వెల్లూరులలో మొదలైంది. పీహెచ్‌డీ కోసం భారత నర్సింగ్ కౌన్సిల్ రెండు దశాబ్దాల కిందట జాతీయ కన్సార్షియం (విద్యాసంస్థల ఉమ్మడి వేదిక) ఏర్పాటు చేసింది. హైదరాబాద్ సోమాజిగూడలోని ప్రభుత్వ నర్సింగ్ కళాశాల దాని అధ్యయన కేంద్రాల్లో ఒకటి. 2023 కేంద్ర బడ్జెట్ మరో 157 నర్సింగ్ కళాశాలలు ప్రకటించింది. భవనాలు లేస్తాయి సరే, పాఠం చెప్పేవారు ఎక్కడి నుంచి వస్తారు?

అధ్యాపకుల కొరత ఒక్కటే అయితే ఎలాగోలా తీర్చుకోవచ్చు. అంతకంటే మమ్మల్ని కలవరపెట్టేది, పట్టా చేతికి రాగానే నర్సు వార్డుకు దూరమవడం. పరిశోధనాంశాలూ అలాగే తయారయ్యాయి. ఏదో ఒక విషయంపై అవగాహన ఎంత ఉంది, పాఠం చెప్పాక ఎంత పెరిగింది అన్న ప్రశ్నావళే ఊరు మార్చి, పేరు మార్చి తిరుగుతోంది. ఇది విద్యార్థుల తప్పు కాదు. ఉద్యోగం చేస్తూ, సెలవు దొరక్క, సొంత డబ్బుతో చదివేవారు నెలల తరబడి వార్డులో ఉండి కొలవాల్సిన ప్రశ్నను ఎలా ఎత్తుకుంటారు?

అలా కొలిచినవారు సాధించింది చూడండి. అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స రోగులను పరిశీలించిన లిండా ఐకెన్ బృందం, నర్సుపై ఒక్క రోగి భారం పెరిగినా 30 రోజుల్లో మరణించే ముప్పు 7 శాతం పెరుగుతున్నట్టు 2002లో తేల్చింది. ఐకెన్ స్వయంగా నర్సు. నర్సుల ఖాళీలు నింపమని మన సంఘాలు ఏళ్లుగా ధర్నాలు చేస్తున్నాయి. ఆర్థిక శాఖ ముందు పెట్టడానికి మన ఆసుపత్రుల నుంచి ఇలాంటి అంకె ఒక్కటి ఉంటే ఆ వాదన బలం ఎంత పెరిగేది!

వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లో నర్సింగ్ అధ్యాపకులు వార్డు బాధ్యతలూ మోస్తారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు తమ బోధనాసుపత్రుల్లో ఈ పద్ధతి తేవాలని, పీహెచ్‌డీకి ఎంపికైన స్టాఫ్ నర్సులకు పూర్తి జీతంతో మూడేళ్ల సెలవు ఇవ్వాలని, చదువు పూర్తయ్యాక వారు వార్డులోనే కొనసాగేలా కొత్త హోదా కల్పించాలని మేము కోరుతున్నాం. ఆ మూడేళ్లూ వారి స్థానంలో మరో నర్సును నియమించాలి. లేకపోతే ఒకరి చదువు భారం మిగిలినవారి నైట్ డ్యూటీలపై పడుతుంది.