శ్రీ రబ్బరు గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ రబ్బరు గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. తమరే కాస్త అరిగిపోయారు. రాలిన పొడి అంతా నా బొమ్మలే కాబట్టి ఎంత అరిగారో నాకు బాగా తెలుసు.

ముందుగా తమ వంశ ప్రతిష్ఠ. తమరు రాకముందు పెన్సిల్ గీతలు చెరపడానికి దొరలు రొట్టెముక్క వాడేవారు. 1770లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే శాస్త్రవేత్త, పెన్సిల్ గీతల్ని శుభ్రంగా తుడిచేసే పదార్థమొకటి దొరుకుతోందని, అరంగుళం ముక్క మూడు షిల్లింగులని ఒక పుస్తకంలో రాశాడు. రొట్టె ఉన్న రోజుల్లో చెరపాలా తినాలా అని జనం ఒక్క క్షణమైనా ఆలోచించి ఉంటారు. ఆ క్షణంలో నాలుగు గీతలు బతికి బట్టకట్టే ఉంటాయి. తమరొచ్చాక ఆ మొహమాటం కూడా లేదు. 1858లో అమెరికాలో ఒకాయన తమర్ని ఏకంగా పెన్సిల్ నెత్తినే కూర్చోబెట్టి పేటెంటు తీసుకున్నాడు. ఉన్న రెండు వస్తువుల్ని ఒకచోట అతికిస్తే అది కొత్తగా కనిపెట్టినట్టు కాదని 1875లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది. పేటెంటు పోయింది. తమరు మాత్రం నెత్తి దిగలేదు.

చిన్నప్పుడు నాకు తమరంటే భక్తి ఉండేది. పెన్సిల్ చెక్కిన పొట్టు పాలలో నానబెడితే తమరు పుడతారని మా మూడో తరగతి మొత్తం నమ్మింది. కాఫీకి ఉంచిన పాలల్లోంచి అరగ్లాసు నొక్కేసి, పొట్టు వేసి, బియ్యం డబ్బా వెనక రెండు రోజులు దాచాను. తమరు పుట్టలేదు. వాసన పుట్టింది. ఆ వాసన పట్టుకుని మా అమ్మ వచ్చింది.

భక్తి భయంగా మారింది నాలుగో తరగతిలో. కుక్క బొమ్మ వేశాను. సార్ చూశారు.

"కుక్కకి కాళ్ళెన్నిరా?"

"నాలుగండీ."

"మరి ఇక్కడ ఏడున్నాయేంటి?"

"పరిగెడుతోందండీ."

క్లాసంతా నవ్వింది. "చెరిపెయ్" అన్నారు. అప్పట్లో తమరు సగం ఎరుపు, సగం నీలం. నీలం వైపుతో రుద్దితే ఇంకు కూడా పోతుందని ప్రచారం. ఇంకు పోయేది కాదు, కాగితం పోయేది. మూడు కాళ్ళు చెరిపేసరికి కుక్క పొట్టకి చిల్లు పడి, అందులోంచి వెనక పేజీలోని ఏడో ఎక్కం కనిపించింది.

చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, 1912లో ఇటలీలో బల్లా అనే చిత్రకారుడు గొలుసు కట్టి నడిపిస్తున్న పొట్టి కుక్కని వేశాడని. దాని కాళ్ళు లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. తోకలు కూడా బోలెడు. అది ఇప్పుడు అమెరికా మ్యూజియంలో ఉంది. నాది పాత పేపర్లవాడికి కిలోల లెక్కన వెళ్ళింది.

ఆ తర్వాత నేను బొమ్మలు వెయ్యలేదు. సైన్సు రికార్డులో పువ్వు నిలువుకోత వేశాను, అది బొమ్మ కింద రాదు. దానికి మార్కులొచ్చాయి కదా.

మా ఇంట్లోనే ఇంకో బడి ఉండేదని నాకు తట్టలేదు. ధనుర్మాసంలో మా అమ్మ తెల్లవారకముందే లేచి కళ్ళాపి చల్లి, 15 చుక్కలు, సందు చుక్క 8 వచ్చేవరకు పెట్టి ముగ్గేసేది. తమరి అవసరం ఎన్నడూ పడలేదు. గీత తప్పితే అక్కడో తామరపువ్వు మొలిచేది. మరీ తప్పితే కాలితో తుడిచేసేది. ఎనిమిదింటికల్లా పాలవాడి సైకిలు, పక్కింటి ఆవు కలిసి మొత్తం తొక్కేసేవి. ఆవిడ ఒక్కరోజూ బాధపడలేదు. ఎందుకు బాధ, రేపు మళ్ళీ వెయ్యాలిగా!

నిరుడు నాకు 48 నిండాయి. డాక్టరు టెన్షన్ తగ్గించుకోమన్నాడు. బొమ్మలేద్దామని బజారుకెళ్ళి 2బి నుంచి 6బి దాకా పెన్సిళ్ళు, అట్టలాంటి మందపు కాగితం కొన్నాను. వీటితోపాటు తమ కులంలోనే కొత్త అవతారం, చపాతీ పిండిలా పిసికే రబ్బరు కూడా. మూడు సాయంత్రాలు ఒక్క టీ గ్లాసు మీదే కూర్చున్నాను. గీయడం, చెరపడం. అంచు గుండ్రం రాదు. చెరపడం. మూడో రోజుకి కాగితం మీద మిగిలింది మబ్బు. టెన్షన్ మాత్రం ఎక్కడికీ పోలేదు.

అదే గదిలో మా చెల్లెలి కూతురు, అయిదేళ్ళది, నేల మీద బోర్లా పడుకుని క్రేయాన్‌తో రోడ్డు వేస్తోంది. రోడ్డు కాగితం దాటింది. గచ్చు మీదికొచ్చింది. గుమ్మం దాకా వెళ్ళింది.

"అమ్మలూ, పేపరు అయిపోయిందిరా!"

"పేపరే అయిపోయింది మామయ్యా. రోడ్డు అవ్వలేదు."

తర్వాత గచ్చు తుడిచింది నేనే, కిరసనాయిలు గుడ్డతో. అది వేరే సంగతి.

ఆ రాత్రి తమర్ని బల్ల కుంటికాలి కింద పెట్టాను. ఇన్నేళ్ళకి తమకి తగిన ఉద్యోగం. జేబులో బాల్‌పెన్ను తీసి, కరెంటు బిల్లు వెనకాల మళ్ళీ టీ గ్లాసు వేశాను. బాల్‌పెన్ను గీత మీద తమ ప్రతాపం చెల్లదు కాబట్టి తప్పిన గీత పక్కన ఇంకో గీత వేసుకుంటూ పోయాను. చివరికి ఆవిరి కూడా పెట్టాను. పొద్దున మా అమ్మలు చూసి, "బకెట్ బాగుంది మామయ్యా, వేన్నీళ్ళా?" అంది. ఫ్రిజ్‌కి అంటించుకుంది.

నిన్న అది బల్ల కిందికి దూరి తమర్ని లాగేసింది. చెరపడానికేమో అనుకున్నాను. కాదు. తమ మొహాన బాల్‌పెన్నుతో రెండు కళ్ళు, మెలితిప్పిన మీసాలు వేసింది. అద్దంలో చూసుకున్నారో లేదో, బాగానే ఉన్నాయి. నచ్చకపోయినా తమరు చెయ్యగలిగిందేమీ లేదు. తమ మొహం తమరే చెరుపుకోలేరు కదా.

ఇట్లు,
ఏడు కాళ్ళ కుక్క యజమాని