ఊరి ముందు అండర్‌పాస్: ఖర్చు ఏ పద్దులో రాయాలి?

రోడ్డు భద్రతకు నిధులు అడిగిన ప్రతిసారీ ముందు వచ్చే ప్రశ్న, ఖర్చెంత అని. ఆ ప్రశ్నను మేము తప్పుపట్టడం లేదు. ఉన్న డబ్బును ఎక్కడ పెడితే ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయో తేల్చుకోవలసిందే. మా అభ్యంతరమంతా ఆ లెక్క వేసే తీరు మీదనే.

హైదరాబాద్–విజయవాడ వంటి నాలుగు వరుసల రహదారి ఊరిని చీల్చిన చోట ఇళ్లు ఒక పక్క, పొలాలు మరో పక్క పడతాయి. ప్రమాదాలు పెరిగాయని డివైడర్ మధ్య దారి మూసేస్తే, యూటర్న్ ఎక్కడో దూరాన ఉంటుంది. పచ్చగడ్డి మోపు వెనక కట్టుకుని చీకటి పడే వేళ మోపెడ్ మీద ఇంటికి వచ్చే రైతు, అంత దూరం చుట్టి రాలేక, రోడ్డు అంచున లారీలకు ఎదురుగా వస్తాడు. రాంగ్ రూట్ అని చలానా రాయడం తేలిక. ఆయన రోజూ తగలేయాల్సిన పెట్రోలు, పొద్దు మాత్రం ఏ పద్దులోకీ రావు. రోడ్డు కింద నుంచి దాటేందుకు కట్టే అండర్‌పాస్‌కయ్యే కోట్లు ఒక్కటే కనబడతాయి.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల మృతులు 1,68,491 మంది. వారిలో మూడింట రెండు వంతుల మంది 18–45 ఏళ్ల వారు, అంటే ఇంటిని నడిపే వయసు వారు. హెల్మెట్ లేక పోయిన ప్రాణాలే 50,029. ఇక్కడ కావలసింది నికరమైన తనిఖీ, దానికి పెద్ద ఖర్చేమీ లేదు. అలాగని ప్రతి చర్యా మేలే చేస్తుందని మేము అనడం లేదు: తెల్ల గీతలు, హెచ్చరిక బోర్డు లేని స్పీడ్ బ్రేకర్ రాత్రిపూట బైకును పడేస్తుంది, అంబులెన్సును ఆపేస్తుంది. క్షతగాత్రులకు 1.5 లక్షల రూపాయల వరకు నగదు రహిత చికిత్స 2025లో అమల్లోకి వచ్చాక, నివారించని ప్రమాదం ప్రభుత్వ ఖజానాకూ భారమే.

అన్నిటికన్నా మమ్మల్ని కలచివేసేది బ్లాక్‌స్పాట్, అంటే తరచూ ప్రమాదాలు జరిగే చోటు, నిర్వచనం. 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో మరణం లేదా తీవ్ర గాయాలతో కూడిన ప్రమాదాలు ఐదు జరగాలి, లేదా పది మంది చనిపోవాలి; అప్పుడే ఆ చోటు జాబితాకెక్కుతుంది. అన్ని ప్రాణాలు పోయేదాకా ఆగకుండా, రహదారి విస్తరణకు అంచనాలు వేసే నాడే, ఆ ఊళ్లో రోజుకు ఎందరు రోడ్డు దాటుతున్నారో లెక్కపెట్టి, అండర్‌పాస్ వ్యయాన్ని తొలి టెండరులోనే చేర్చాలని కేంద్రాన్ని కోరుతున్నాము.