బ్యాటరీ వైరు తీసిపెడితే కారు తనంతట తాను ట్యూన్ అవుతుందా?

వాట్సాప్‌లో, రీల్స్‌లో ఒక సలహా తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: పెర్ఫార్మెన్స్ ఎయిర్ ఫిల్టర్, ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేయించండి. బ్యాటరీ నెగటివ్ వైరు అరగంట తీసిపెట్టండి. తర్వాత వంద కిలోమీటర్లు బాగా తొక్కి నడపండి. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) కొత్త పార్టులను నేర్చుకుని పవర్ పెంచేస్తుంది, రీమ్యాప్ (ఆ కంప్యూటర్‌లోని సెట్టింగులు మార్పించడం) డబ్బు దండగ. చెక్ ఇంజిన్ లైటు రాకపోతే అంతా కుదిరినట్టే.

ఈసీయూ నేర్చుకుంటుందన్న మాట వరకు నిజం. మిగతావన్నీ ఇంజిన్లు పాడుచేసే మాటలు. అందుకే ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు, అది నేర్చుకునేది ఏమిటి? బరువు లెక్కన ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేసేదీ అక్కడే. మామూలుగా నడుపుతున్నప్పుడు ఈసీయూ గురి దాని మీదే. మిశ్రమంలో పెట్రోలు తగ్గిందో ఎక్కువైందో ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ చెబుతుంటే, ఇంజెక్టర్ తెరిచి ఉంచే సమయాన్ని ఈసీయూ అప్పటికప్పుడు సవరిస్తుంది. ఇది షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. అదే సవరణ పదే పదే అవసరమైతే గుర్తుపెట్టుకుంటుంది. అది లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. మన బంకుల్లో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) వచ్చినప్పుడు జరిగింది ఇదే. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఈ20కి ఆ నిష్పత్తి సుమారు 13.5. ఈ10 నుంచి మారిన కారులో ట్రిమ్ నాలుగైదు శాతం పైకి జరుగుతుంది, నడిపేవారికి తెలియను కూడా తెలియదు.

అంటే కంపెనీ పెట్టిన లక్ష్యానికి ఇంజిన్‌ను తిరిగి తీసుకురావడమే ఈ నేర్చుకోవడం. పవర్ ఎక్కడ దొరుకుతుందా అని ఈసీయూ వెతకదు. కొత్త ఫిల్టర్ వల్ల నిజంగానే గాలి ఎక్కువ వెళితే, దానికి తగ్గ పెట్రోలు కలిసి పవర్ కాస్త పెరగొచ్చు. ఆ లాభం పార్టుది.

టర్బో కార్లలోనైతే ఈసీయూ ఆ లాభాన్ని కూడా చాలావరకు వెనక్కి లాగేస్తుంది. 1990ల చివర్లో వచ్చిన బాష్ ఎంఈ7 లాంటి సిస్టమ్‌లలో మీరు పెడల్ తొక్కితే, ఇంత టార్క్ కావాలని అడిగినట్టు లెక్క. దానికి ఎంత గాలి కావాలో లెక్కగట్టి, గాలి దారిని తెరిచే థ్రాటిల్‌ను, బూస్ట్‌ను (టర్బో గాలిని నెట్టే ఒత్తిడి) ఈసీయూయే సర్దుతుంది. సైలెన్సర్ మార్చాక టర్బో కాస్త తొందరగా అందుకోవచ్చు. కానీ ఈసీయూలో కంపెనీ పట్టికగా రాసిపెట్టిన బూస్ట్ దాటబోతే, ఎగ్జాస్ట్‌ను టర్బో పక్కనుంచి పంపేసే వేస్ట్‌గేట్ తెరుచుకుంటుంది. ఆ పట్టికను మార్చడాన్నే రీమ్యాప్ అంటారు.

"బాగా తొక్కి నేర్పించండి" అన్నది అన్నిటికన్నా ప్రమాదకరం. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు చాలా కార్లలో ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్ మాట వినడం ఆపేసి, పట్టికలో ఉన్నంత పెట్రోలు పోస్తుంది. నేర్చుకోవడం జరిగేది నెమ్మదిగా, ఒకే వేగంతో వెళ్తున్నప్పుడే. గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న కారుకి లావు గొట్టం వేశారనుకోండి. అంతే గాలి సెన్సర్ మీదుగా నెమ్మదిగా వెళుతుంది, సెన్సర్ తక్కువ చూపిస్తుంది. మామూలు నడకలో ట్రిమ్ దాన్ని కప్పిపుచ్చుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో కొన్ని ఈసీయూలు ఆ నేర్చుకున్న సవరణను వాడుకుంటాయి, కొన్ని వాడుకోవు. వాడుకోని కారులో, సరిగ్గా వేడి ఎక్కువుండే చోట పెట్రోలు చాలదు. ఇంజిన్ నాకింగ్ చేస్తుంది (మిశ్రమం అదుపు లేకుండా తనంతట తాను మండుతుంది), నాక్ సెన్సర్ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, ఉన్న పవర్ కూడా పోతుంది. పిస్టన్ దెబ్బతినేదీ ఇలాగే.

బ్యాటరీ వైరు సంగతి చిన్నది. తీస్తే చాలా కార్లలో నేర్చుకున్న ట్రిమ్‌లు సున్నాకి వస్తాయి, ఐడ్లింగ్ కొంతసేపు తడబడుతుంది. కొన్ని కొత్త కార్లలో ఆ విలువలు కరెంటు లేకున్నా పోని మెమరీలో ఉంటాయి, వైరు తీసినా చెరగవు. చాలామందికి అనిపించే పికప్‌లో ఎక్కువ భాగం సైలెన్సర్ సౌండే.

ఇక చెక్ ఇంజిన్ లైటు. చాలా కార్లలో ట్రిమ్ 20, 25 శాతం దగ్గరికి చేరి అక్కడే ఉంటే తప్ప పీ0171 (మిశ్రమంలో పెట్రోలు చాలట్లేదు) లాంటి కోడ్ రాదు. అంతవరకు సమస్య లోపలే పెరుగుతుంది. హెడర్ (ఇంజిన్ నుంచి పొగను తీసుకెళ్లే మొదటి గొట్టాలు) మార్చినప్పుడు గ్యాస్కెట్ సరిగా కూర్చోక సన్నని లీక్ ఉంటే, ఎగ్జాస్ట్ పల్స్‌ల మధ్య బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్ ఆ ఆక్సిజన్ చూసి పెట్రోలు చాలట్లేదని చెబుతుంది, ఈసీయూ ఇంకా పోస్తుంది. ప్లగ్ విప్పితే కొన మీద పొడి నల్లమసి, మైలేజీ డౌన్, డ్యాష్‌బోర్డు మీద మాత్రం ఏ లైటూ లేదు. తప్పు సమాచారాన్ని కూడా ఈసీయూ అంతే నమ్మకంగా నేర్చుకుంటుంది.

పార్టు మార్చాలనుకుంటే, మార్చకముందే స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకి (ఈసీయూ సమాచారం చదివే సాకెట్) బ్లూటూత్ స్కానర్ పెట్టి, ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో, 2,500 ఆర్‌పీఎం దగ్గర లాంగ్ టర్మ్ ట్రిమ్ రాసిపెట్టుకోండి. మార్చి కొన్ని రోజులు మామూలుగా నడిపాక మళ్లీ చూడండి. అయిదు శాతం అటూ ఇటూ అయితే కంగారు లేదు. పది దాటితే ముందు లీక్ వెతికించండి. లీక్ లేకపోతే మాఫ్ సెన్సర్ క్యాలిబ్రేషన్ సరిచేయించాలి. అందాకా ఫుల్ థ్రాటిల్ తొక్కకండి.