పెరట్లో పటింగ్ గ్రీన్ వేయండి, పెరడంతా మాత్రం వద్దు

టెక్సాస్‌లో డాలస్ దగ్గరి ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా వైపు తెలుగువాళ్ళ ఇళ్ళకు వెళితే, గోంగూర మడి పక్కన కృత్రిమ గడ్డితో వేసిన పటింగ్ గ్రీన్, అంటే గోల్ఫ్ బంతిని మెల్లగా దొర్లించి గుంటలో వేసే చోటు, కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు. 2022లో గోల్ఫ్ వృత్తి నిపుణుల సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా తన ప్రధాన కార్యాలయాన్ని ఫ్లోరిడా నుంచి ఫ్రిస్కోకు మార్చింది. ఆ మరుసటి ఏడాది సెప్టెంబరులో గోల్ఫ్ ఆటగాడు సాహిత్ తీగల నాపాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు. అగ్రశ్రేణి గోల్ఫ్ పోటీల పరంపర పీజీఏ టూర్‌లో అతనికి అదే తొలి విజయం. తెలుగు ఇంటిపేరు లీడర్‌బోర్డు పైన కనబడితే మన పిల్లలు పటర్ (బంతిని దొర్లించే గోల్ఫ్ కర్ర) కొనిపెట్టమని అడగడంలో ఆశ్చర్యమేముంది?

డబ్బు ఎక్కువైనవాళ్ళ సోకు అని దీన్ని కొట్టిపారేసేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. పెరట్లో పెట్టే ఖర్చుల్లో ఇంటిల్లిపాదికీ పనికొచ్చేది ఇదొక్కటేనని నా అభిప్రాయం. 72 పార్ కోర్సులో, అంటే 72 దెబ్బల్లో ముగించాల్సిన గోల్ఫ్ మైదానంలో, 18 హోల్స్‌కీ (గుంటలకూ) రెండేసి చొప్పున 36 స్ట్రోకులు పటింగ్‌కే లెక్కగట్టారు. ఆటలో సగం అన్నమాట. ఆ సగానికి భుజబలం అక్కర్లేదు, పరుగు అక్కర్లేదు. ఎనిమిదేళ్ళ మనవడూ డెబ్బై ఏళ్ళ తాతయ్యా సమానంగా పోటీపడే ఆట ఇంకేది ఉంది, చెప్పండి. ఆర్నెల్లకు వచ్చే మన అమ్మానాన్నలకు ఇక్కడ కారు ఉండదు, నడిచి వెళ్ళడానికి అంగడి ఉండదు, పగలంతా టీవీయే దిక్కు. సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చాక వాళ్ళతో కలిసి చేయడానికి ఒక పని ఉండటం చిన్న విషయం కాదు.

అయితే ఎలా వేస్తున్నామన్నది ముఖ్యం. మనవాళ్ళు గడ్డి శాంపిళ్ళు చేత్తో తడిమి, రంగు చూసి, చదరపు అడుగు ధర దగ్గర బేరమాడతారు. అసలు అడగాల్సింది కింద ఏం వేస్తారని. మనది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఇంటి ఫౌండేషన్ చుట్టూ వేసవిలో నీళ్ళు పెట్టే బాధ మనందరికీ తెలిసిందే. అలాంటి నేలను నాలుగంగుళాలైనా తవ్వి, గుడ్డ పరిచి, కంకర వేసి, దానిమీద రాతిపొడి తడిపి మెషీన్‌తో గట్టిగా దిమ్మిస చేయాలి. ఆ పని సగంలో వదిలేస్తే రెండో వేసవికల్లా బంతి తనకిష్టమైన చోటికి పోతుంది. తవ్వేముందు 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టి వెళతారు. అది ఉచితం.

మా స్నేహితుడి ఇంట్లో కళ్ళారా చూశాను. రాతిపొడి అణిచారు, మర్నాడు గడ్డి పరుస్తారు. ఆయన నాన్నగారు తెనాలి దగ్గర మాగాణి రైతు. పంచె ఎగ్గట్టి, చెంబుతో నీళ్ళు తెచ్చి మూడు చోట్ల నెమ్మదిగా వంచారు. రెండు చోట్ల నీరు కంచె వైపు జారింది. మూడోచోట కాస్త ఆగి, ఇంటివైపు మళ్ళింది. “ఒరేయ్, నీళ్ళు గోడకొస్తున్నాయిరా. గడ్డి పరవద్దని చెప్పు,” అన్నారు. కాంట్రాక్టరు లెవెల్ పెట్టి చూసి, ఆ మూల మళ్ళీ చదును చేయించాడు. జీవితమంతా మడి చదును చేసిన మనిషి కంటికి అంగుళం తేడా కూడా దొరికిపోయింది. నీరు ఇంటికి దూరంగా పోవాలి, అలాగని పక్కింటి పెరట్లోకీ మళ్ళించకూడదు. దానివల్ల వాళ్ళకు నష్టం జరిగితే టెక్సాస్ చట్టం ప్రకారం బాధ్యత మనదే.

బంతి పడే గుంటలో పెట్టే కప్పు నాలుగుంపావు అంగుళాల వెడల్పు, కోర్సులో ఉన్నదే. దాని అడుగున కంకర లేకపోతే నీళ్ళు నిలిచి దోమలు చేరతాయి. కప్పు చుట్టూ పది అడుగులకు రెండంగుళాల వాలు చాలు. వాలు మరీ ఎక్కువైతే బంతి ఆగదు, పిల్లలు విసిగిపోయి పటర్ పక్కన పడేస్తారు.

ఇక వేడి. ఈ గడ్డి ప్లాస్టిక్. వంద ఫారెన్‌హీట్ డిగ్రీల జులై మధ్యాహ్నం దానిమీద ఒట్టి కాళ్ళతో నిలబడలేం. నీళ్ళు చల్లితే కాసేపు చల్లబడుతుంది, మళ్ళీ అంతే. పైగా రెండంతస్తుల ఇంటి లో-ఈ (వేడిని తిప్పికొట్టే పూత ఉన్న) కిటికీ అద్దాల నుంచి ఎండ ఒకేచోట తిరిగి పడితే గడ్డి పోగులు కరిగి ముద్దకడతాయి. ఏ అద్దం వెలుగు ఎక్కడ పడుతోందో ముందే చూసుకోవాలి. అందుకే నేను మొండిగా చెప్పే మాట: 15 అడుగులకు 20 అడుగులు చాలు, సాయంత్రం నీడ పడేచోట. మిగతాది మట్టిగానే ఉంచండి. నీళ్ళు ఆదా అవుతాయని పెరడంతా ప్లాస్టిక్ పరిచేస్తున్నారు. వానపాములు, తేనెటీగలు, మన బీర పందిరి, అన్నీ దానికింద పోతాయి. కాలిఫోర్నియాలో 2015లో కృత్రిమ గడ్డిని హెచ్‌ఓఏలు (ఇళ్ళ యజమానుల సంఘాలు) నిషేధించకూడదని చట్టం చేశారు. 2023కి వచ్చేసరికి, కావాలంటే నగరాలు దాన్ని నిషేధించుకోవచ్చని ఇంకో చట్టం చేశారు. ఎనిమిదేళ్ళలో ఆలోచన అంత మారింది. మన దగ్గర చాలా హెచ్‌ఓఏల్లో ముందుగా అనుమతి తీసుకోవాలి. పని మొదలుపెట్టాక కాదు, అడ్వాన్సు ఇవ్వకముందే.

వేయించే స్తోమతు లేనివాళ్ళు బాధపడనక్కర్లేదు. పీజీఏ ఫ్రిస్కోలో రెండెకరాల పటింగ్ మైదానం ఉంది. పిల్లలకు నిజంగా ఇష్టం ఉందో లేదో అక్కడ చూసుకున్నాకే వేలు ఖర్చుపెట్టడం మంచిది.

మన సంఘానికి ఒక విన్నపం. ఏటా క్రికెట్, వాలీబాల్, త్రోబాల్ పోటీలు పెడుతున్నాం. పెద్దవాళ్ళు కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొడుతున్నారు. ఈ కార్తీక వనభోజనాలకు అరవై దాటినవాళ్ళకూ పన్నెండు లోపు పిల్లలకూ జంటగా పటింగ్ పోటీ పెడదాం: ఒక తాతయ్య లేదా అమ్మమ్మ, ఒక మనవడు లేదా మనవరాలు, తొమ్మిది కప్పులు. గ్రీన్ ఉన్నవాళ్ళు అంతకుముందు నెల శనివారాలు సాధనకు తమ పెరడు తెరిస్తే, మిగతా ఏర్పాట్లు చూసుకునేవాళ్ళలో మొదటి పేరు నాది రాసుకోండి.