ఆయాసం రోగి మతిమరుపును వయసు మీదకు నెట్టేయొద్దు

ఏళ్ల తరబడి ఆయాసంతో బాధపడే సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు సన్నబడే దీర్ఘకాలిక జబ్బు) రోగి ఇన్‌హేలర్ సరిగా వాడకపోతే ఇంట్లోవాళ్లు ముందుగా అనే మాట ‘ఎన్నిసార్లు చెప్పినా వినరు’. విన్నది గుర్తుండటం లేదేమోనన్న అనుమానం ఆస్పత్రిలో కూడా అరుదుగానే వస్తుంది. ఈ జబ్బు ఉన్న చాలామందిలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, ఒక పనిని వరుస తప్పకుండా చేసే నేర్పు తగ్గుతాయి.

ఇది నలభై ఏళ్లకు పైగా తెలిసిన సంగతే. రక్తంలో ఆక్సిజన్ తగ్గిన 203 మంది సీఓపీడీ రోగులను అమెరికా, కెనడాల్లో పరీక్షించి 1982లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 42 శాతం మందికి మెదడు పనితీరు ఓ మోస్తరుగానో, తీవ్రంగానో దెబ్బతింది. పోలిక కోసం తీసుకున్న ఆరోగ్యవంతుల్లో అది 14 శాతమే. రాత్రిపూట మాత్రమే ఆక్సిజన్ పెట్టుకున్నవారి కన్నా దాదాపు రోజంతా పెట్టుకున్నవారు ఏడాది తర్వాత పరీక్షల్లో మెరుగ్గా చేశారని 1983లో తేలింది.

ఆక్సిజన్ తగ్గడం ఒక్కటే కారణం కాదు. పొగతో రక్తనాళాలు పాడవడం, ఒంట్లో పైకి కనిపించని వాపు (ఇన్‌ఫ్లమేషన్), నిద్రలేమి, దిగులు కూడా తోడవుతాయి.

ఇప్పుడు ఇన్‌హేలర్ సంగతి చూడండి. స్ప్రే రకమైతే బాగా ఊపి, గాలి వదిలి, నొక్కుతూనే నెమ్మదిగా పీల్చి, పది సెకన్లు బిగబట్టాలి. పొడి రకమైతే వేగంగా, గట్టిగా పీల్చాలి. కొందరికి రెండూ రాసిస్తారు. ఏకాగ్రత తగ్గిన మనిషికి ఓపీలో రెండు నిమిషాల్లో ఇదంతా చెప్పేసి, తర్వాత మందు పనిచేయలేదనడం న్యాయమా?

మన పల్లెల్లో కట్టెల పొయ్యి దగ్గర జీవితమంతా గడిపిన, చదువుకోని ఆడవాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. మతిమరుపు తెలుసుకోవడానికి గడియారం బొమ్మ గీయమనే పరీక్షలు వాళ్లకు సరిపోవు. వచ్చిన ప్రతిసారీ ఇన్‌హేలర్ చేతికిచ్చి ‘వాడి చూపించమ్మా’ అంటే చాలా తెలుస్తుంది. కూతురికో కోడలికో కూడా అప్పుడే నేర్పాలి. దీనికి ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు, నర్సుకు కాస్త తీరిక ఇస్తే చాలు.

ఒక్క జాగ్రత్త మాత్రం ఇంట్లోవాళ్లకు తప్పక చెప్పాలి. పొద్దున్నే తలనొప్పి, పగలంతా మగత, ఉన్నట్టుండి పొంతన లేని మాటలు కనిపిస్తే మామూలు మతిమరుపు అనుకోకూడదు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఉండొచ్చు. ఇంట్లో ఆక్సిజన్‌ను సొంతంగా పెంచితే అది ఇంకా ముదరొచ్చు కాబట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.