స్లాబు రోజున ‘ఆపండి’ అనేదెవరు?

ఊళ్లో గుడికి స్లాబు వేస్తున్నారంటే ప్రత్యేకంగా ఎవరినీ పిలవక్కర్లేదు. తెల్లవారగానే మిల్లరు చప్పుడు వినపడితే చాలు, కుర్రాళ్లు లుంగీలు ఎగ్గట్టుకుని వచ్చేస్తారు. ఆడవాళ్లు తట్టలు అందుకుంటారు. మైకులో పాటలు, ఓ పక్క పులిహోర, మరో పక్క మజ్జిగ కుండ. మేస్త్రీ మాట్లాడుకున్న కూలీలు పదిమందైతే, పని దగ్గర కనపడేది యాభై మంది. బడికి గది కట్టినా, కమ్యూనిటీ హాలు కట్టినా, కాలిపోయిన ఇంటిని నలుగురూ చేరి నిలబెట్టినా ఇదే సందడి. మన ఊళ్లలో ఎన్నో ఉమ్మడి కట్టడాలు ఇలా లేచినవే. ఆ అలవాటును తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. మేము అడిగేది ఒక్కటే. ఆ యాభై మందిలో, ఏదైనా తేడాగా కనపడితే పని ఆపించే అధికారం ఎవరిది?

చాలాచోట్ల ఎవరిదీ కాదు. మేస్త్రీ తన మనుషులను కసురుకోగలడు గానీ, కమిటీ పెద్ద కొడుకును ‘బాబూ, నువ్వు కిందికి దిగు’ అనలేడు. కమిటీ పెద్దకు ముహూర్తం దాటిపోతుందనే టెన్షన్. దేవుడి పనికి వచ్చినవాణ్ని వద్దంటే ఏమనుకుంటాడోనన్న మొహమాటం అందరిదీ. ఇక వచ్చినవాడు తనంతట తాను ‘నాకు భయంగా ఉంది, ఎక్కను’ అంటాడా? పదిమంది చూస్తుండగా అనడు. రోజూ కూలికి వచ్చేవాడికి ఏ బల్ల ఆగుతుందో, ఏది జారుతుందో కాలు పెట్టగానే తెలుస్తుంది. శ్రమదానానికి వచ్చినవాడికి ఉత్సాహం తప్ప ఆ లెక్క తెలియదు. తెలియనివాడి చేతికే పలుగు ఇచ్చి, చెప్పేవాణ్ని పెట్టకపోవడం ఎక్కడి పద్ధతి?

చట్టం కూడా శ్రమదానానికి వచ్చినవాణ్ని చూడదు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టమైనా, దాని స్థానంలోకి తెచ్చిన కొత్త లేబర్ కోడ్ అయినా మాట్లాడేది ప్రధానంగా కూలి తీసుకునే మనిషి గురించే. సంక్షేమ బోర్డు కార్డు రావాలంటే ఏడాదిలో 90 రోజులు ఆ పని చేసి ఉండాలి. ఒక్క ఆదివారం తట్ట మోసినవాడికి కార్డూ ఉండదు, నష్టపరిహారమూ ఉండదు. కాలు విరిగితే ఊరంతా చందా వేసుకోవాల్సిందే. 18 నుంచి 70 ఏళ్ల మధ్య వారికి బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి 20 రూపాయలకే దొరికే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. ప్రమాదంలో ప్రాణం పోతే, లేదా రెండు కళ్లో రెండు కాళ్లో పోయేంత నష్టం జరిగితే 2 లక్షలు ఇస్తుంది. విరిగిన కాలికి కట్టు కట్టించే ఖర్చు మాత్రం ఇవ్వదు. అయినా పనికి రమ్మని పిలిచే కమిటీ, వచ్చేవాళ్లకు ఆ 20 రూపాయల బీమా ఉందో లేదో కనుక్కోవడం పెద్ద పని కాదు. మైకు అద్దెతో పోలిస్తే అది లెక్కలోకే రాదు.

ఇక తెలియాల్సిన విషయాలు. ఇవి ఇంజినీరింగ్ పాఠాలు కావు. కొబ్బరికాయ కొట్టాక, మిల్లరు స్టార్ట్ చేసేముందు పావుగంటలో చెప్పగలిగినవి.

ముందు పాదాలు చూడండి. స్లాబు రోజున సగం మంది చెప్పులు లేకుండా ఉంటారు. గుడి పని కదా అని కొందరు కావాలనే విప్పేస్తారు. తడి సిమెంటు మామూలు బురద కాదు. సున్నం లాంటి ఘాటైన క్షారం. దాని చెడ్డ గుణం ఏమిటంటే, కాలుస్తున్నప్పుడు నొప్పి తెలియదు. కాంక్రీటులో మోకాళ్ల మీద కూర్చుని లెవెల్ సర్దినవాడికి సాయంత్రం ఇంటికెళ్లి ప్యాంటు విప్పినప్పుడు గానీ చర్మం ఊడిన సంగతి తెలియదు. బూటులోకి ఓ గుప్పెడు కాంక్రీటు జారి అక్కడే ఉండిపోతే, బూటు లేకపోవడం కన్నా అదే ప్రమాదం. రబ్బరు బూట్లు, గ్లవ్స్ ఉండాలి. ఒంటి మీద పడ్డది పడ్డట్టే శుభ్రమైన నీళ్లతో కడగాలి. క్యూరింగ్ కోసం, అంటే కాంక్రీటు ఆరిపోకుండా తడపడానికి, నింపిన డ్రమ్ములో చేతులు ముంచితే కడిగినట్టు కాదు, ఆ నీళ్లలోనూ సిమెంటే ఉంటుంది. కంట్లో పడితే నలపకుండా 20 నిమిషాలు ధారగా నీళ్లు పోసి, ఆ తర్వాత ఆసుపత్రికి. కొబ్బరినూనె రాసుకుంటే చాలనేవాళ్లున్నారు. నూనె గ్లవ్స్ పని చేయదు.

సిమెంటు బస్తా 50 కిలోలు. కార్మికుల కోసం 1998లో కేంద్రం రాసిన నిబంధనల ప్రకారం ఒక మగమనిషి ఎత్తదగ్గ బరువు 55 కిలోలు, ఆడమనిషికి 30. పదహారేళ్ల కుర్రాడికి కూడా 30 దాటకూడదు. కూలి తీసుకునేవాడి నడుముకు ఒక లెక్క, ఉచితంగా వచ్చినవాడి నడుముకు ఇంకో లెక్క ఉండదు కదా. పందెం వేసి బస్తా భుజాన వేసుకునే ఇంటర్ కుర్రాణ్ని చూసి చప్పట్లు కొట్టడం మానేయాలి. అసలు పద్దెనిమిది నిండనివాళ్లకు మజ్జిగ పంచే పని చాలు.

ఎత్తు సంగతి. కట్టడాల దగ్గర ప్రాణాలు ఎక్కువగా పోయేది పైనుంచి పడే. పది అడుగులేగా అనుకుంటాం. పది అడుగుల నుంచి తల నేలకు తగిలితే చాలు. స్లాబు అంచు చుట్టూ నడుము ఎత్తున బాదులు అడ్డం కట్టడానికి గంట పట్టదు. ఫోనులో వీడియో తీస్తూ వెనక్కి వెనక్కి నడిచే కుర్రాణ్ని ఆపేది ఆ బాదే. నిచ్చెన నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున కింద దూరం జరిగి ఉండాలి. పైన స్లాబు కన్నా మూడు అడుగులు ఎక్కువ లేచి, తాడుతో కట్టి ఉండాలి. రెండు చేతులా తట్ట పట్టుకుని నిచ్చెన ఎక్కడం పనితనం కాదు. సర్వి బాదుల పరంజా మీదికి ఎవరు ఎక్కాలో సెంట్రింగ్ మేస్త్రీ చెప్పాలి, కమిటీ కాదు. తలకు హెల్మెట్ అంటే బండి హెల్మెట్ కాదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 2925 గుర్తున్న సేఫ్టీ హెల్మెట్, గడ్డం కింద పట్టీ బిగించి. పట్టీ లేకుండా పెట్టుకున్న హెల్మెట్ మనిషి కన్నా ముందే కిందపడుతుంది.

ఇప్పుడు అందరూ తలెత్తి చూడాల్సింది కరెంటు తీగ. ఊళ్లో గుడి పక్కనుంచో బడి మీదుగానో 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల లైను పోవడం మనకు మామూలే. కింద నుంచి చూస్తే అందనంత ఎత్తు. స్లాబు మీదికెక్కి, 40 అడుగుల ఇనుప చువ్వను నిలువుగా తిప్పితే అందేంత దగ్గర. తీగ తగలనక్కర్లేదు, బాగా దగ్గరికి వెళ్లినా కరెంటు దూకుతుంది. చువ్వలు పైకి అందించేటప్పుడు అడ్డంగానే అందించాలి. ఒక మనిషి వేరే పనేమీ పెట్టుకోకుండా తీగనే చూస్తూ ఉండాలి. అంతకన్నా మంచిది, రెండు రోజుల ముందే విద్యుత్ సబ్‌స్టేషన్‌కు వెళ్లి స్లాబు వేసే వేళకు లైను ఆపమని రాసివ్వడం. 1912కు ఫోన్ చేస్తే ఎవరిని కలవాలో చెబుతారు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి తీగ తగిలి ఐదుగురు చనిపోయారు. అది కట్టడం పని కాదు, నిజమే. కానీ అక్కడా ఉన్నది భక్తితో చేయి వేసినవాళ్లే.

షాక్ కొట్టినవాణ్ని చేత్తో పట్టి లాగొద్దని అందరికీ తెలుసు, ఆ క్షణంలో అందరూ మరిచిపోతారు. ఇంటి కరెంటైతే ముందు మెయిన్ ఆపాలి. 11 కేవీ దగ్గర ఎండుకర్ర కూడా పనికిరాదు. లైను ఆగిందని విద్యుత్ సిబ్బంది చెప్పేదాకా దగ్గరికే పోకూడదు. వైబ్రేటర్‌కు, మిల్లరుకు కరెంటు లాగే వైరు నీళ్లలో నానుతూ ఉంటుంది. అతుకులకు టేపు చుట్టిన వైరు స్లాబు రోజున వాడకూడదు. కరెంటు లీకైతే తనంతట తానే ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఒకటి బోర్డులో ఉంటే చాలావరకు ప్రాణం నిలబడుతుంది.

పునాది గుంటల గురించి ఒక్క మాట. జేసీబీ గంటలో తవ్వి పోతుంది, అడుగు చదును చేయడానికి మనుషులు దిగుతారు. ఘనమీటరు మట్టి ఒకటిన్నర టన్నుల బరువు. ఛాతీ దాకా కప్పేస్తే తల బయటే ఉన్నా ఊపిరాడదు. ఐదు అడుగులు దాటిన గుంటకు పక్కలకు ఆపు లేకుండా ఎవరినీ దించొద్దు, తీసిన మట్టిని అంచున పోయొద్దు. నల్లరేగడి నేలలో వాన పడిన మర్నాడైతే మరీను.

అన్నిటికన్నా మోసకారిది సంపు. కొత్త సంపు, కొత్త సెప్టిక్ ట్యాంకు. ఇంకా వాడనేలేదు, లోపల మురికే లేదు, ప్రమాదమేముందనిపిస్తుంది. పైన స్లాబు వేసి, మనిషి పట్టేంత కంత ఒకటి వదిలి, సెంట్రింగ్ చెక్కలు లోపలే ఉంచి మూస్తారు. అడుగున క్యూరింగ్ నీళ్లు నిలుస్తాయి. రెండు మూడు వారాలు తడి చెక్క కుళ్లుతూ లోపలి గాలిలోని ప్రాణవాయువును తినేస్తుంది. వాసన రాకపోవచ్చు. చెక్కలు ఊడదీయడానికి దిగినవాడు రెండు నిమిషాల్లో కూలిపోతాడు. ‘జారిపడ్డాడు’ అనుకుని తమ్ముడు దిగుతాడు. తర్వాత పక్కింటాయన. పత్రికల్లో ఈ వార్త ఏటా ఎక్కడో ఒకచోట రాస్తూనే ఉన్నాం, పేర్లు ఊళ్లు మారుతాయంతే. మూతలు ఒక రోజంతా తెరిచి ఉంచి, బ్లోయరుతో గాలి కొట్టి, నడుముకు తాడు కట్టి, పైన ఇద్దరిని నిలబెట్టి, అప్పుడు కూడా తెలిసిన పనివాడే దిగాలి. శ్రమదానానికి వచ్చినవాడు దిగనే కూడదు. దీపం దించి చూశామంటారు. విషవాయువుంటే దీపం చెప్పదు. మండే వాయువుంటే ఆ దీపమే చాలు. లోపల ఒకరు పడిపోతే రెండోవాడు దిగడం సాయం కాదు. అగ్నిమాపక దళానికి 101లో ఫోన్ చేసి, పైనుంచి గాలి కొడుతూ ఉండటమే సాయం.

ముహూర్తాలు ఎక్కువగా వేసవిలోనే. ఏడాదంతా హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఏసీలో కూర్చున్నవాడు సెలవుకు వచ్చి, 43 డిగ్రీల ఎండలో ఊరివాడితో సమానంగా తట్ట పట్టాలనుకుంటాడు. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం, పది రోజులు పడుతుంది. మొదటి రోజే అందరికన్నా ప్రమాదం. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ, నీడలో విరామం. మనిషి తడబడి మాట్లాడటం, ఎక్కడున్నాడో తెలియకపోవడం మొదలైతే అది అలసట కాదు, వడదెబ్బ. బట్టలు వదులు చేసి ఒళ్లంతా నీళ్లతో తడిపి, విసురుతూ, 108కు చెప్పాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఆ 108 అంబులెన్స్ 2005లో మన దగ్గరే మొదలైంది. అయినా ఎవరైనా పైనుంచి పడగానే మన మొదటి పని కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో కుదేయడం. మెడ, వెన్నెముక దెబ్బతిన్నవాడికి ఆ ఎత్తడంతోనే కాళ్లు చచ్చుబడిపోవచ్చు. ఊపిరి ఆడుతుంటే కదపకుండా, తల అటూ ఇటూ తిరగకుండా పట్టుకుని కూర్చోవాలి. ఊపిరి ఆగితే మాత్రం లెక్క వేరు: ఛాతీ మధ్యలో రెండు చేతులు పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూనే ఉండాలి. మేకు గుచ్చుకుంటే కడిగి కట్టు కట్టి వదిలేయకుండా అదే రోజు టీటీ. ఇవి నేర్పడానికి పీహెచ్‌సీ నుంచి ఒకరిని పంపమని సర్పంచ్ అడిగితే కాదనేవాళ్లుండరు.

స్లాబు వేసేముందు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చి చువ్వల మధ్య దూరం టేపుతో కొలిచి చూసి వెళ్తారు. అదే టేపుతో అంచు బాదులూ, తీగ దూరమూ కొలిచి, సరిగా లేకపోతే ఆ రోజుకు స్లాబు వద్దనాలని మేము కోరుతున్నాం. కాలేజీల ఎన్ఎస్ఎస్ యూనిట్లు ఏటా ఏడు రోజుల క్యాంపుకు పిల్లలను ఊళ్లకు తీసుకొస్తాయి. వాళ్లను గోడ పని దగ్గర నిలబెట్టేముందు ప్రోగ్రాం ఆఫీసర్ ఆ పావుగంట మాట్లాడారా అన్నది క్యాంపు రిపోర్టులో ఉండాలి. ఫొటోలు ఎలాగూ ఉంటాయి.

కమిటీలకు మా సూచన చిన్నది. దాతల పేర్లు పాలరాతి మీద తర్వాత చెక్కిద్దురు గానీ, స్లాబు రోజున బొగ్గుతోనో సుద్దతోనో గోడ మీద ముందు ఒక పేరు రాయండి: ఈ రోజు పని ఆపమనే అధికారం ఈయనది. కమిటీ అధ్యక్షుణ్ని కూడా కిందికి దిగమనే అధికారం. ఆయనకు తట్టగానీ మైకుగానీ ఇవ్వొద్దు; రోజంతా చూడటమే ఆయన పని. ఆ పేరు కింద 108, 101, 1912. దాని కింద ఇంకో తేదీ, సెంట్రింగ్ బాదులు తీసే తేదీ. ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపున్న స్లాబుకు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14, ఆరు మీటర్లు దాటిన దూలం కింద 21 అని కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఇంజినీరు ఇంకా ఎక్కువ రోజులు చెబితే ఆ లెక్కే రాయాలి. ప్రారంభోత్సవానికి మంత్రిగారు ముందే వస్తున్నారని ఆ తేదీని చెరిపి రాయాలంటే, పైన పేరున్నాయన ఒప్పుకుని సంతకం పెట్టాలి.